ఇరవై ఏళ్లు ఆలస్యంగా వినిపించిన తీర్పు

2019 సెప్టెంబరు 4న టోక్యో డోమ్ స్టేడియంలో పెద్ద సంతాప సభ జరిగింది. ఆ జులైలో 87 ఏళ్ల వయసులో చనిపోయిన జానీ కిటగావాకు వీడ్కోలు చెప్పడానికి అభిమానులు పదుల వేలల్లో వచ్చారు. అప్పటి ప్రధాని షింజో అబే సంతాప సందేశం పంపారు. 1962లో కిటగావా పెట్టిన సంస్థలోంచి పుట్టిన మగపిల్లల పాటల బృందాలు కొన్ని దశాబ్దాల పాటు జపాన్ టీవీని ఏలాయి. స్మాప్, అరాషి పేర్లు అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నంబర్ వన్ పాటలు అత్యధికంగా అందించిన నిర్మాతగా అతను గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కాడు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు మన పెద్దలు. మనిషి పోయాక అతని తప్పులు చిన్నవై, గుణాలు పెద్దవైపోతాయని. కానీ టోక్యో డోమ్‌లో జరిగినదానికి ఆ సామెత పూర్తిగా అతకదు. పోయాక మర్చిపోవడం వేరు. కిటగావా విషయంలో జపాన్ మర్చిపోయింది అతను బతికుండగానే. అదీ హైకోర్టు తీర్పు చేతిలో పెట్టుకుని.

1999 అక్టోబరులో 'షూకన్ బున్‌షున్' అనే వారపత్రిక వరస కథనాలు మొదలుపెట్టింది. సంస్థలో శిక్షణ కోసం చేరిన టీనేజీ అబ్బాయిలను కిటగావా తన ఇంట్లోనూ హోటళ్లలోనూ లైంగికంగా వాడుకుంటున్నాడన్నది వాటి సారాంశం. సంస్థ పరువునష్టం దావా వేసింది. 2002లో కింది కోర్టు పత్రికదే తప్పంది, 88 లక్షల యెన్లు కట్టమంది. పత్రిక పైకోర్టుకు వెళ్లింది. 2003 జులైలో టోక్యో హైకోర్టు ఆ తీర్పును సవరించింది. మిగతా కొన్ని ఆరోపణలకు రుజువు లేదు గానీ, లైంగిక వేధింపుల గురించి రాసిన ముఖ్యమైన భాగం నిజమేనని తేల్చింది. కాదంటే స్టేజీ మీద వెనక వరసలోకి నెట్టేస్తారని, అసలు అవకాశమే రాదని పిల్లలు భయపడ్డారని కూడా చెప్పింది. నష్టపరిహారాన్ని 12 లక్షల యెన్లకు తగ్గించింది. 2004 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చింది. అంతే, కథ అక్కడితో ముగిసింది.

ముగిసింది అంటే నిజంగానే ముగిసింది. పెద్ద పత్రికలు దాన్ని ఓ మూలన వేసి వదిలేశాయి. టీవీ చానళ్లు దాదాపుగా ముట్టుకోలేదు. పోలీసు కేసు లేదు, రాజీనామా లేదు. కొత్త బ్యాచ్‌లో పిల్లలు చేరుతూనే ఉన్నారు. అదే ఇంటికి వెళుతూనే ఉన్నారు.

ఇలాంటి వార్త ఏ దేశం నుంచి వచ్చినా దాని కింద మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఒకటుంది. "బతికున్నప్పుడు ఏం చేశారు? పోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పలేడనే కదా ఇప్పుడు మాట్లాడుతున్నారు?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. కిటగావా విషయంలో మాత్రం ఈ ప్రశ్నకు జవాబు కోర్టు రికార్డులో ఉంది. అబ్బాయిలు బతికున్నవాడి మీదే సాక్ష్యం చెప్పారు. దావా సంస్థకూ పత్రికకూ మధ్యది కాబట్టి అందులో వాళ్లకు ఒక్క యెన్ కూడా దక్కదు. కిటగావా కూడా కోర్టుకు వచ్చాడు, జవాబు చెప్పాడు. ఆ పిల్లలు అబద్ధం చెప్పారని తాను స్పష్టంగా అనలేనన్నట్టుగా మాట్లాడాడు. లేచి రావాల్సిన పని లేదు, వచ్చి వెళ్లాడు.

అసలు 1999 కూడా మొదలు కాదు. 1988లోనే అతని తొలితరం బృందంలోని ఒక గాయకుడు తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. జనం దాన్ని వదంతుల సరుకుగా చదివి పక్కన పెట్టారు. చట్టం సంగతికొస్తే, 2017 దాకా జపాన్‌లో అత్యాచారానికి బాధితులు ఆడవాళ్లు మాత్రమే. మగపిల్లాడికి జరిగినదాన్ని పిలవడానికి చట్టంలో సరైన పేరే లేదు. పేరు లేనిదాని గురించి పదమూడేళ్ల పిల్లాడు ఎవరి దగ్గరికి వెళ్లి ఏమని చెప్పాలి?

మనం గొప్పలు చెప్పుకోవడానికేం లేదు, మన చట్టం కూడా ఈ విషయంలో గర్వపడే స్థితిలో లేదు. పిల్లల వరకు పోక్సో చట్టం ఆడా మగా తేడా చూడదు, అది మంచిదే. కానీ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 377 సెక్షన్ పూర్తిగా ఎగిరిపోయింది. దాంతో పద్దెనిమిది దాటిన మగవాడి మీద జరిగే లైంగిక దాడికి విడిగా సెక్షన్ లేకుండా పోయింది.

తిరిగి జపాన్‌కు వద్దాం. 2023 మార్చిలో బీబీసీ కిటగావా వేధింపుల మీద ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఏప్రిల్‌లో ఒక మాజీ ట్రైనీ టోక్యోలోని విదేశీ పాత్రికేయుల క్లబ్బులో ముఖం చూపించి, పేరు చెప్పి మాట్లాడాడు. దేశీయ పాత్రికేయుల వేదిక మీద కాదు, విదేశీయుల క్లబ్బులో. అక్కడి నుంచి ఒక్కో తలుపూ తెరుచుకుంది. మేలో సంస్థ అధ్యక్షురాలు, కిటగావా మేనకోడలు జూలీ ఫుజిషిమా వీడియోలో క్షమాపణ చెప్పింది. తనకు మాత్రం తెలియదంది. సంస్థే నియమించిన బయటి నిపుణుల బృందం ఆగస్టు 29న నివేదిక ఇచ్చింది. దశాబ్దాల తరబడి కనీసం కొన్ని వందల మంది పిల్లల మీద వేధింపులు జరిగాయని తేల్చింది. కారణాల్లో ఒకటిగా మీడియా మౌనాన్ని పేరు పెట్టి రాసింది.

ఆ మౌనానికి కుట్ర అక్కర్లేదు. ఒక్క కథనం వేస్తే ఆ సంస్థ తారలెవరూ ఆ చానల్ సీరియల్‌కు, ఆటపాటల షోకు, పత్రిక కవర్ పేజీకి రారన్న భయం చాలు. ఫలానా హీరో ఇంటర్వ్యూ కావాలంటే ఫలానా బ్యానర్ మీద చెడు రాయకూడదన్న సంగతి మన సినిమా పేజీల్లో పనిచేసినవాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కంపెనీల తీరు ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. మార్చిలో డాక్యుమెంటరీ వచ్చినప్పుడు ఆ సంస్థ తారలతో ప్రకటనలు ఆగలేదు. మేలో క్షమాపణ తర్వాతా ఆగలేదు. సెప్టెంబరు 7న సంస్థ విలేకరుల ముందు నేరం జరిగిందని ఒప్పుకుని, ఫుజిషిమా పదవి వదులుకున్నాక, రోజుల వ్యవధిలో జపాన్ ఎయిర్‌లైన్స్, అసాహి బీరు కంపెనీ లాంటివి వరసపెట్టి దూరం జరిగాయి. ఇంకా వీళ్లతో ప్రకటనలు చేస్తే మానవ హక్కుల ఉల్లంఘనను ఒప్పుకున్నట్టేనని అసాహి అధిపతి అన్నాడు. మాట మంచిదే. 2003 తీర్పు ప్రతి అప్పుడూ కోర్టులోనే ఉంది కదా అని అడగాలనిపిస్తుంది.

నాకు అర్థమైనంతలో, మనిషి పోయాక మారేది మనకు తెలిసిన నిజం కాదు, దాన్ని ఒప్పుకోవడానికి అయ్యే ఖర్చు. బతికుండగా ఆ ఖర్చు భరించలేనంత ఎక్కువ. పోయాక కాస్త తగ్గుతుంది. ఎప్పుడో ఒకరోజు ఒప్పుకోకపోవడానికి అయ్యే ఖర్చు దాన్ని దాటుతుంది, అప్పుడు అందరికీ ఒకేసారి మనస్సాక్షి మేలుకుంటుంది. 'జానీస్' అన్న తన పేరును కిటగావా సంస్థ ముందు మార్చుకోనంది. ప్రకటనలు పోయాక అక్టోబరు 2న 'స్మైల్ అప్' అని మార్చుకుంటున్నట్టు ప్రకటించి, ఇకమీదట పరిహారం చెల్లించడమే తన పని అంది. అప్పటికి 478 మంది సంప్రదించారు, వాళ్లలో 325 మంది పరిహారం కోరారు. అదే రోజు విలేకరుల సమావేశంలో ఏ పాత్రికేయులకు ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వకూడదో ఒక జాబితా తయారైందన్న సంగతీ తర్వాత బయటపడింది. పేరు మారింది గానీ పాత అలవాటు ఇంకా పోలేదు.

జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఆ ఏడాది చివర తన ప్రఖ్యాత నూతన సంవత్సర పాటల కార్యక్రమానికి ఈ సంస్థ గాయకులను ఒక్కరినీ పిలవలేదు. 44 ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. 2002లో ఎన్‌హెచ్‌కే భవనంలోనే, రిహార్సల్‌కు వెళ్లినప్పుడు తనపై వేధింపు జరిగిందని ఒకాయన చెప్పిన సంగతిని కూడా ఆ చానలే ప్రసారం చేసుకోవాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో పిలుపులు మళ్లీ మొదలయ్యాయి.

జపాన్ గుట్టు విప్పిన బీబీసీకి ఈ విషయంలో బోధించే అర్హత ఎంత? 2011 అక్టోబరు 29న బ్రిటన్‌లో జిమ్మీ సావిల్ చనిపోయాడు. బీబీసీ పెంచిన టీవీ తార, 'సర్' బిరుదున్నవాడు, ఆస్పత్రులకు కోట్లు వసూలు చేసి పెట్టిన దాత. లీడ్స్ నగరంలో బంగారు రంగు శవపేటికను ప్రదర్శనకు ఉంచితే వేల మంది వచ్చి చూశారు. బీబీసీ సొంత పాత్రికేయులే అతని మీద వేధింపుల కథనం తయారుచేస్తుంటే డిసెంబరులో దాన్ని ఆపేశారు. ఆ క్రిస్మస్‌కు అదే బీబీసీలో సావిల్ స్మృతి కార్యక్రమాలు వచ్చాయి. చివరికి 2012 అక్టోబరు 3న పోటీ చానల్ ఐటీవీ బయటపెట్టింది. 2013 జనవరిలో పోలీసుల నివేదిక 214 నేరాలను లెక్కకట్టింది. 2009లో, అతను బతికుండగానే, పోలీసులు ఇదే విషయమై అతన్ని ప్రశ్నించి వదిలేశారు. కాబట్టి అక్కడ కూడా "బతికుండగా ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న నిలబడదు.

సావిల్ సమాధి రాయి సంగతి చెప్పుకోవాలి. 2012 సెప్టెంబరులో స్కార్‌బరోలో నిలబెట్టారు, అక్టోబరులో కుటుంబమే తీయించేసింది. ఒక నెలలో దేశం మొత్తం అతన్ని పిలిచే తీరు మార్చేసింది. తెలుగులో అయితే ఈ మార్పు ఇంకా స్పష్టంగా వినిపించేది. మనకు వారు, ఆయన, అతను, వాడు అని మెట్లున్నాయి. సాయంత్రం చర్చలో 'ఆయన' అన్న యాంకర్ పొద్దున్నే 'వాడు' అంటాడు, మధ్యలో 'అతను' దగ్గర ఒక్క రోజైనా ఆగడు. ఆ మధ్య మెట్టు మీద ఆగగలిగినవాళ్లే నిజంగా ఆలోచిస్తున్నారని నా అనుమానం.

ఆ మధ్య మెట్టు అవసరం ఎందుకంటే, అన్ని ఆరోపణలూ ఒకటి కావు. మైకేల్ జాక్సన్ సంగతి తీసుకోండి. ప్రభుదేవాను ఇండియన్ మైకేల్ జాక్సన్ అని పిలుచుకున్న తరం మనది. ఒక పిల్లాడిపై లైంగిక వేధింపుల కేసులో జాక్సన్‌ను 2005లో జ్యూరీ అన్ని అభియోగాల నుంచీ విడుదల చేసింది. 2009లో పోయాడు. 2019లో ఇద్దరు వ్యక్తులు చిన్నతనంలో తమపై వేధింపులు జరిగాయని డాక్యుమెంటరీలో చెప్పారు. వాళ్లలో ఒకరు 2005లో జాక్సన్ తరఫున సాక్ష్యం చెప్పినవారే. జాక్సన్ వారసత్వ సంస్థ అన్నిటినీ ఖండిస్తోంది. దీన్ని కిటగావాతో ఒకే గాటన కట్టలేం. అయినా జనం స్పందన మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు వచ్చింది. కెనడా, న్యూజిలాండ్‌లలో కొన్ని రేడియోలు అతని పాటలు ఆపేశాయి. లండన్ బస్సుల మీద 'నిజాలు అబద్ధమాడవు, మనుషులే ఆడతారు' అని అభిమానులు పోస్టర్లు వేయించారు. రెండు పక్షాల్లోనూ కేసు వివరాలు తిరగేసినవాళ్లు ఎందరు?

అభిమానులంతా ఒకటే అనుకోవడమూ తప్పే. జపాన్‌లో డాక్యుమెంటరీ రాగానే విచారణ జరపాలంటూ సంతకాలు సేకరించింది అభిమానుల బృందమే, 16 వేలకు పైగా వచ్చాయి. ఆ పని చేసినందుకు వాళ్లు తోటి అభిమానుల చేత తిట్లు తిన్నారు. ఇంకోవైపు డబ్బు కోసం కథలల్లుతున్నారని బాధితుల మీద ఆన్‌లైన్‌లో విరుచుకుపడ్డవాళ్లూ ఉన్నారు. అలాంటి దూషణలు ఎదుర్కొన్న బాధితుల సంఘం సభ్యుడొకరు 2023 అక్టోబరులో ప్రాణం తీసుకున్నాడు. సంస్థ నేరం ఒప్పుకుని నెల దాటిన తర్వాత!

మన దగ్గర నివేదికలకూ ఇదే గతి. కేరళలో మలయాళ సినీరంగంలో మహిళల పరిస్థితిపై హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2019 డిసెంబరులో ప్రభుత్వం చేతికి వచ్చింది, బయటికి వచ్చింది 2024 ఆగస్టులో. ఆ వెంటనే తెలుగు సినీరంగంలో వేధింపులపై తెలంగాణలో వేసిన ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టమని సమంత కోరారు. బతికున్నవాళ్ల గురించే మన దగ్గర కాగితాలు ఇలా మగ్గుతుంటే, పోయినవాళ్ల గురించి ఎవరు తీస్తారు?

తీసినా చట్టం ఒకటి అడ్డం కూర్చుంది. బ్రిటన్‌లో చనిపోయినవాళ్లకు పరువునష్టం వర్తించదు. సావిల్ పోయిన ఏడాదిలోపే ఐటీవీ ధైర్యం చేయడానికి అది కూడా కలిసొచ్చింది. మన దగ్గర అలా కాదు. పాత ఐపీసీ 499, ఇప్పటి న్యాయ సంహిత 356 సెక్షన్ ప్రకారం, పోయిన మనిషి బతికి ఉంటే పరువు పోయే మాట అతని కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో అంటే అది కూడా నేరమే, రెండేళ్ల దాకా జైలు. నిజమైతే, ప్రజాహితం కోసమైతే మినహాయింపు ఉంది, కానీ నిరూపించుకోవాల్సింది మాట్లాడినవాళ్లే. టోక్యోలో డబ్బూ లాయర్లూ ఉన్న ఒక వారపత్రికకు ఆ పని చేయడానికి నాలుగేళ్లు పట్టింది. గెలిచాక కూడా అది 12 లక్షల యెన్లు కట్టింది.