పార్కింగ్ డబ్బు తీసుకున్నవాళ్లకు బాధ్యత లేదా?

తిరుపతిలో కారు ఆపి కొండకు వెళ్లినవాళ్లు ఇప్పట్లో తిరిగిరారని దొంగకు బాగా తెలుసు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని దిగొచ్చేసరికి ఒక్కోసారి మర్నాడవుతుంది. ఆలయంలోకి సెల్‌ఫోన్లు రానివ్వరు కాబట్టి కొందరు ఫోన్లు, పర్సులు సీటు కిందే పెట్టేసి వెళ్తారు. నంబర్ ప్లేటు చూస్తే బండి తమిళనాడుదో కర్ణాటకదో తెలిసిపోతుంది. అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయినా, ఆ కుటుంబం కేసు కోసం మళ్లీ ఇంతదూరం రావడం కష్టం. దొంగ ధైర్యమంతా అక్కడే ఉంది.

ఇక పార్కింగ్‌లో డబ్బు తీసుకుని చేతికిచ్చే స్లిప్పు చూడండి. బండి నంబరు సగం అర్థం కాదు, వచ్చిన టైము ఉండదు. కింద మాత్రం ‘వాహనానికి, వస్తువులకు మేము బాధ్యులం కాము’ అని స్పష్టంగా అచ్చు వేస్తారు. బయటికి వెళ్లేటప్పుడు ఆ స్లిప్పు అడిగేవాళ్లు చాలాచోట్ల ఉండరు. డబ్బు వసూలుకు మనిషి ఉన్నప్పుడు, వెళ్లే బండిని సరిచూడటానికి ఎందుకు ఉండడు?

ఢిల్లీలో ఒక స్టార్ హోటల్ నుంచి 1998లో కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. తాళాలు తీసుకుని కారు పార్క్ చేసిన హోటల్, ‘ఓనర్స్ రిస్క్’ అని టోకెన్ మీద రాసినంత మాత్రాన తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని తేల్చింది. తాళం మన దగ్గరే ఉండే పార్కింగ్‌కు ఆ తీర్పు నేరుగా వర్తించదు, నిజమే. కానీ రుసుము తీసుకుని కాపలా పెట్టకపోవడం ఏం న్యాయం?

వందమంది, అంతకుమించి గుమికూడే చోట్ల సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీ 30 రోజులు దాచాలని ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచే చట్టం ఉంది. కెమెరాలు పనిచేస్తాయా అంటే, కార్ పార్కుల్లో బాగానే పనిచేస్తాయి. ఎక్కువగా బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, కెమెరాలు పెట్టిన కార్ పార్కుల్లో నేరాలు దాదాపు సగం తగ్గాయి. అయితే చాలాచోట్ల కెమెరాతో పాటు మంచి లైట్లు, సెక్యూరిటీ గార్డులు కూడా ఉన్నారు. చీకట్లో స్తంభానికి కెమెరా వేలాడదీసి వదిలేస్తే ఫలితం రాదు.

ఫిర్యాదు సంగతీ చూడాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే ఫిర్యాదు చేసినవాళ్లు మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. చెన్నై వెళ్లిపోయినా కేసు పెట్టొచ్చన్నమాట. ఈ ముక్క తెలుగు, తమిళం, కన్నడంలో ప్రతి పార్కింగ్ గేటు దగ్గరా బోర్డు మీద ఉండాలి. అలిపిరి నుంచి కొండపైకి లగేజీని టీటీడీ ఉచితంగా చేరుస్తుందన్న మాట కూడా పక్కనే రాయాలి. కారులో బ్యాగు లేకపోతే అద్దం పగలగొట్టే పనే ఉండదు.

మిగతాదంతా పార్కింగ్ కాంట్రాక్టు టెండర్ షరతుల్లో పెట్టాల్సిందే. టైముతో ప్రింటైన స్లిప్పు, వెళ్లే గేటులో తనిఖీ, రాత్రంతా లైట్లు, గంటకోసారి వరుసల మధ్య తిరిగే గార్డు. వీటిలో ఏది లేకపోయినా కాంట్రాక్టర్ డిపాజిట్‌లో కోత పడాలి.