మంచు ఆగింది కదా, వెళ్తే ఏం?

గుల్మార్గ్‌లో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన మంచు సాయంత్రానికి ఆగింది. ఎత్తు ప్రాంతాల్లో మంచు చరియలు కూలొచ్చని హెచ్చరిక ఉంది. అయినా తెల్లారగానే గొండోలాలో (కేబుల్ కార్‌లో) పైకి వెళ్లి, అఫర్వత్ కొండ మీద భద్రతా సిబ్బంది గస్తీ లేని వాలులో స్కీయింగ్ చేయాలని కిరణ్ పట్టుదల. కశ్మీర్‌లో సైన్యంలో పనిచేసి రిటైరైన అతని బావ సూర్యం వద్దంటున్నాడు.

కిరణ్: కురుస్తుంటే వెళ్లడం లేదు కదా బావా. రేపు మంచి ఎండట.

సూర్యం: ఆ ఎండే మనిషిని మోసం చేస్తుంది. కొత్త మంచు కింది పొరతో అతుక్కోవడానికి టైం పడుతుంది. పైగా గాలి మంచును ఒక వైపు నుంచి ఊడ్చుకొచ్చి అవతలి వాలు మీద మేట వేస్తుంది. అది బిగిసి పలక కడుతుంది. నీ బరువుకి ఆ పలక ఒకచోట పగిలితే చాలు, వాలు మొత్తం కదులుతుంది. ఇలా చనిపోయిన స్కీయర్లలో ఎక్కువమంది మీదికి వచ్చింది తామో, తమ జట్టువాళ్లో కదిలించిన మంచే.

కిరణ్: అందుకే గుంత తవ్వి పొరలు చూస్తాం, పారతో తట్టి పరీక్షిస్తాం. సిగ్నల్ పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ ప్రోబ్, పార అందరి దగ్గరా ఉన్నాయి. గైడ్ ఉన్నాడు. ఆ హెచ్చరిక జిల్లా మొత్తానికి ఇచ్చింది, మేం దిగే వాలు గురించి అందులో ఏముంది? నేర్చుకుని వచ్చినవాడికీ సెల్ఫీ కోసం వచ్చినవాడికీ ఒకే రూలా?

సూర్యం: గుంత తవ్విన చోటు సంగతి మాత్రమే గుంత చెబుతుంది. పది అడుగుల అవతల బండ పక్కన మంచు పల్చగా ఉంటే అక్కడి కథ వేరు. సీజన్ మొదట్లో పడ్డ పల్చటి మంచు పొడి చలికి లోపలే పంచదార పలుకుల్లా మారిపోతుంది, దేనికీ అంటుకోదు. దాని మీద ఒక్కసారిగా మూడడుగుల బరువు పడితే? 2024 జనవరిలో గుల్మార్గ్ మంచు లేక బోసిపోయింది. ఫిబ్రవరిలో భారీగా కురిసింది. 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. 2023 ఫిబ్రవరి 1న ఇదే అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ వాళ్లు పోయారు. చలి దేశాల వాళ్లురా, మంచు వాళ్లకు కొత్త కాదు.

కిరణ్: ఆ రోజు చాలామందిని కాపాడారు కూడా.

సూర్యం: మంచులో పూర్తిగా కూరుకుపోయినవాడికి ఉండేది పావుగంట. అది దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. రెస్క్యూ టీం వచ్చేదాకా ఆగలేవు, నీ పక్కవాడే తవ్వాలి. బీకన్ నువ్వెక్కడున్నావో చూపిస్తుంది, మంచును ఆపదు. కొందరైతే బండకో చెట్టుకో కొట్టుకుని ఆ దెబ్బలకే పోతారు. వాళ్లకి పావుగంట కూడా ఉండదు.

కిరణ్: మీరు అన్నేళ్లు ఈ కొండల్లోనే ఉన్నారు కదా బావా!

సూర్యం: డ్యూటీ మీద ఉన్నాను. 2016లో సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచు గోడ కూలి పదిమంది పోయారు, అందులో మన కర్నూలు జిల్లా జవాను ఒకడు. అక్కడ ఉండను అనే వీలు వాళ్లకి లేదు. నీకుంది.

కిరణ్: భయపెడుతూ పోతే ఎవరూ ఏదీ నేర్చుకోరు.

సూర్యం: స్కీయింగ్ మానమనలేదు. ఇలాంటి పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. రేపు 30 లోపే ఉండు.

కిరణ్: అయితే బాబా రేషి వైపు అడవిలోకి దిగుతాం.

సూర్యం: చెట్లున్నాయని ధీమా వద్దు. పైన నిటారు వాలు ఉంటే అక్కడ జారింది నీ మీదికే వస్తుంది. ఒక్కొక్కరుగా దిగండి, మిగతావాళ్లు పక్కకు నిలబడి చూస్తూ ఉండాలి.

కిరణ్: సరే. కానీ ఎల్లుండి అఫర్వత్ మీద గుంత తవ్వుతాను. మీరూ వచ్చి చూడాలి.

సూర్యం: గైడ్ సరేనంటే వస్తాను.