పిల్లలు చదువుతుంటే ఊరు వినాలి

సంక్రాంతి వారంలో శ్రీకాకుళం జిల్లా ఊళ్లు నిండుగా ఉంటాయి. హైదరాబాద్, చెన్నై, విశాఖపట్నం వైపు కట్టుబడి పనులకు వెళ్లినవాళ్లు బస్సుల్లో, రైళ్లలో నిలబడైనా సరే వచ్చేస్తారు. ఏడాదంతా నాయనమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలకు అమ్మానాన్నలు కళ్లెదుట ఉండే రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే బడికి సెలవులు. పండగ అయిపోయి బడి తెరిచేసరికి వాళ్లు మళ్లీ రైలెక్కేసి ఉంటారు. మూడో తరగతి చదువుతున్న కొడుకు ఒక పేరా తడుముకోకుండా చదవగలడో లేదో తండ్రికి తెలిసే సందర్భమే రాదు.

తల్లిదండ్రులను బడికి పిలిచే పనిని రాష్ట్ర ప్రభుత్వం ఈమధ్య పెద్ద ఎత్తున చేపట్టింది. 2024 డిసెంబరు 7న మొదటి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. 2025లో జులై 10న రెండోది, డిసెంబరు 5న మూడోది జరిగాయి. మూడోసారి ముఖ్యమంత్రి వచ్చింది ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న భామినికి. బిడ్డ ప్రగతి పత్రాన్ని తల్లి చేతిలో పెట్టి, కూర్చోబెట్టి మాట్లాడటం మంచి అలవాటు. అది ఆగకూడదు. కానీ తేదీలు చూడండి. డిసెంబరు మొదట్లో మన పల్లెల్లో వరి కోతలు, కుప్పలు, నూర్పులు. జులైలో వాన అందితే ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలవుతాయి. కూలికి వెళ్లే తల్లి బడికి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఎచ్చెర్ల నుంచి కవిటి దాకా తీరం వెంట ఉన్న మత్స్యకార గ్రామాల లెక్క మళ్లీ వేరు. గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేసే మగవాళ్లు, పడమటి తీరంలో వేట నిషేధం ఉండే జూన్, జులై నెలల్లో ఇళ్లకు వస్తారు. వాళ్లకు జులై సమావేశం కలిసొస్తుంది, డిసెంబరుది అందదు. నాగావళి పక్కన వరి పండించే ఊరికీ, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికీ ఒకే తేదీ ఎలా సరిపోతుంది? రాష్ట్రమంతటికీ ఒక రోజు ఉండనివ్వండి. దాంతోపాటు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ తన ఊరి పనులను బట్టి ఇంకో రోజు పెట్టుకునే వీలివ్వాలి. వలసలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో అది కనుమ సాయంత్రమైనా తప్పులేదు. టీచర్లకు ఆ రోజుకు బదులు మరో రోజు సెలవిస్తే సరిపోతుంది.

తేదీ కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులు వచ్చాక వాళ్లకు ఏం చూపిస్తున్నాం? టెంటు, మైకు, అతిథుల ప్రసంగాలు, ముగ్గుల పోటీ, పిల్లల డాన్సు, బహుమతులు, సామూహిక భోజనం. ఇవన్నీ ఉండొచ్చు. పిల్లలు స్టేజీ ఎక్కడం వాళ్లకెంత సంబరమో చూసినవాళ్లకు తెలుసు. అయితే రెండు మూడు గంటలు బడిలో గడిపిన తల్లి, తన కూతురు పుస్తకం తెరిచి చదువుతుంటే ఒక్క నిమిషమైనా వినకుండానే ఇంటికి వెళ్లిపోతోంది. నా అభ్యంతరమంతా ఇక్కడే. చిన్న బడిలో ఊరితో కలిసి చేసే ఏ కార్యక్రమానికైనా నడుమ పిల్లల చదువు ఉండాలి. ఊరు దాన్ని చెవులారా వినాలి, కళ్లారా చూడాలి. మిగతావి దాని చుట్టూ ఎన్నైనా పెట్టుకోవచ్చు.

కమిటీలు మనకు కొత్త కాదు. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతగా తీసుకున్న ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. బడి నిర్వహణలో ఊరికి భాగం కల్పిస్తూ 1998లో రాష్ట్రం చట్టమే చేసింది. 2009 నాటి విద్యా హక్కు చట్టం ఇంకా ముందుకెళ్లి, పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని చెప్పింది. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పనుల్లో తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు వచ్చాయి. ఆ మార్పును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ఆడపిల్లలు బడి మానకుండా ఉండటానికి ఒక మంచి మరుగుదొడ్డి ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. కానీ ఇన్నేళ్లలో ఊరికి అప్పగించిన పని గోడలు, సిమెంటు, సంతకాల దగ్గరే ఆగిపోయింది. చదువు సంగతి మాస్టారు చూసుకుంటారు అన్న గీత మాత్రం చెరగలేదు. కమిటీ సమావేశంలో వంటగది రేకుల గురించి అరగంట మాట్లాడతారు. రెండో తరగతిలో ఒత్తులు రాని పిల్లలెందరు అని అడిగేవాళ్లు అరుదు.

ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం చాలా ఉంది. దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమేనని, పల్లె పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక చెప్పింది. 2022లో ఇది 16.3 శాతం. పెరిగింది, సంతోషమే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేని స్థితిలోనే ఉన్నారు. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కించడం రావాలన్న నిపుణ్ భారత్ లక్ష్యానికి పెట్టుకున్న గడువు 2026-27.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. కేంద్ర విద్యా శాఖ బడుల వివరాలతో తెచ్చే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో దేశంలో ఒక్కరే టీచరున్న బడులు 1,04,125 ఉంటే, అందులో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే. ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. తర్వాత 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి కొత్త టీచర్లు చేరారు. అయినా 60 మంది లోపు పిల్లలుంటే చట్టం ప్రకారం వచ్చేది ఇద్దరు టీచర్లే, తరగతులు మాత్రం ఐదు. టీచరమ్మ ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే, మూడు, నాలుగు తరగతుల వాళ్లు పుస్తకంలో పాఠాన్ని నోటుబుక్కులోకి ఎక్కిస్తూ కూర్చుంటారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రాసిన దాన్ని చదవమంటే చదవలేరు. తల్లిదండ్రులకు కనిపించేది ఆ నోటుబుక్కు, ఆ ఎర్ర సిరా టిక్కులు. అంతా బాగుందనుకుంటారు. ఇందులో టీచరమ్మ తప్పు వెతకడం నాకు సరికాదనిపిస్తుంది. ఒకే సమయంలో మూడు తరగతులకు పాఠం చెప్పగలిగే మనిషి ఎక్కడా లేరు.

ఇలాంటి బడికి సరిపడే పద్ధతి మన రాష్ట్రంలోనే పుట్టింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం బోధనా కార్డులు తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు పెట్టారు. ఏ తరగతి అన్నదానితో పని లేకుండా ప్రతి పిల్లా తానున్న మెట్టు నుంచి ఎక్కుతుంది. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన ఈ దారిలోనే వచ్చాయి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం, తమకు తాముగా పని చేసుకోవడం అందులో భాగం. ముప్పై నలభై మంది పిల్లలు ఒకరికొకరు పేరు పేరునా తెలిసిన బడిలో ఇది ఎంత సులువో ఆలోచించండి. ఐదో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడికి కథ చదివి వినిపిస్తే ఇద్దరికీ చదువు వస్తుంది. పెద్ద బడుల్లో ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప జరగని పని ఇక్కడ ఒక గదిలో ఊరికే జరిగిపోతుంది.

ఊరు పాఠంలోకి ఎలా వస్తుందో చూడాలంటే వంటగది దగ్గర మొదలుపెట్టాలి. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం. ఉదయం హాజరు తీసుకోగానే 37 మంది వచ్చారనుకుందాం. వండే ఆమెకు ఎంత బియ్యం కొలవాలో నాలుగో తరగతి పిల్లలు లెక్క కట్టి చెప్పాలి: 3 కిలోల 700 గ్రాములు. రేపు నలుగురు రాకపోతే ఎంత తగ్గుతుంది? గుడ్లు ఇచ్చే రోజు 30 గుడ్ల ట్రే ఒకటి, ఇంకో ట్రేలోంచి 7. ఇవి పుస్తకం లెక్కల్లా ఊహించుకున్నవి కావు. తప్పు చెబితే అన్నం చాలదు, కాబట్టి పిల్లలు రెండుసార్లు సరిచూసుకుంటారు. డ్వాక్రా సంఘం నుంచి వచ్చి వంట చేసే ఆ తల్లికి కూడా తాను పాఠంలో మనిషినన్న గౌరవం వస్తుంది.

అక్కడి నుంచి నాయనమ్మల దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఈ కొలతలు చేతులతో కొలిచినవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. అటక మీది ఇత్తడి మానికను బడికి తెచ్చి, ఇసుకో ధాన్యమో పోసి కొలిచి చూపమంటే ఏ ముసలమ్మా కాదనదు. రెట్టింపు, సగం, పావు అనేవి పిల్లలకు కంటికి కనబడతాయి. కుంచంలో ఎనిమిదో వంతు తవ్వ అని చేత్తో పోసి తెలుసుకున్న పిల్లకు ఐదో తరగతి భిన్నాల దగ్గర టెన్షన్ ఉండదు. ఎకరాకు 100 సెంట్లు అన్న లెక్క రైతు ఇంటి పిల్లలకు పుట్టుకతోనే చెవిన పడుతుంది. 25 సెంట్లు అంటే పావు ఎకరం అని వాళ్లకు తెలుసు. అదే శాతాల పాఠానికి పునాది అని చెప్పే పని మాత్రం టీచరుది.

తెలుగు పాఠంలోనూ ఇదే దారి. మన వైపు పిల్లలు ‘నాను’, ‘ఏటి’ అంటూ బడికొస్తారు. నోరు తెరిచిన ప్రతిసారీ దిద్దితే ఆ నోరు మూతపడుతుంది. మొదట వాళ్లను మాట్లాడనివ్వాలి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాసి చదివించాలి. పుస్తకం భాష మెల్లగా వస్తుంది. ఈ మాట ఉత్తరాంధ్రకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి సవర పిల్లలకు బడులు నడిపారు. పిల్ల మాట్లాడే భాష దగ్గరికి బడి వెళ్లాలని ఆయన చేసి చూపించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు పద్యాల పోటీతో పాటు ఊళ్లో ఒక తాతను పిలిచి, తిత్లీ తుపాను రాత్రి ఏం జరిగిందో చెప్పించి, పిల్లల చేత రాయించి, తిరిగి ఆయనకే చదివి వినిపించేలా చేస్తే ఎంత బాగుంటుంది! 2018 అక్టోబరు నాటి ఆ రాత్రి గురించి ఉద్దానంలో ఏ ఇంట్లో అడిగినా ఒక కథ ఉంది. తప్పెటగుళ్లు అనే జానపద కళ తెలిసిన కళాకారుడున్న ఊళ్లో అయితే పాట, తాళం, కథ మూడూ ఒకేసారి తరగతిలోకి వస్తాయి.

ఇద్దరు టీచర్లతో ఇవన్నీ అయ్యే పనేనా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఉన్న పనులకు ఇది అదనంగా చేరితే కాదు. ఫొటోలు, అప్‌లోడ్‌లు, నివేదికలకు పోయే సమయంలోంచి ఇది రావాలి. యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటి చేశారు, కొంత భారం తగ్గింది. ఇంకా తగ్గాలి. కార్యక్రమం జరిగిందనడానికి ఫొటో సాక్ష్యంగా అడిగినంత కాలం టీచరు చూపు పిల్లల మీద కాకుండా ఫోను మీదే ఉంటుంది.

ఇంకో భయం ఉంది, నాకు అదే పెద్దదిగా అనిపిస్తుంది. అందరి ముందూ చదవమంటే రాని పిల్ల ఏమవుతుంది? సిగ్గుతో మర్నాడు బడి మానేస్తుంది. అందుకే ఈ చదివి వినిపించడం స్టేజీ మీద జరగకూడదు. మైకు వద్దు, ర్యాంకులు వద్దు, బహుమతులు అసలే వద్దు. వరండాలో చాప మీద పిల్ల, పక్కన తల్లో నాయనమ్మో, అంతే. చదవాల్సిన పేజీ పిల్లే ఎంచుకుంటుంది. కిందటి నెల పదాల దగ్గర ఆగిన పిల్ల ఈ నెల వాక్యం చదివితే అది కనిపించాలి, పక్కింటి పిల్లతో పోలిక రాకూడదు. తల్లికి చదువు రాకపోతే ఎలా అన్న సందేహం అక్కర్లేదు. బిడ్డ ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ నమిలి మింగుతోందో చెవికి తెలిసిపోతుంది. విన్నాక ఆ తల్లి టీచరును అడిగే ప్రశ్న కూడా మారుతుంది. బాగా చదువుతోందా అని కాకుండా, ఒత్తుల దగ్గర ఎందుకు ఆగుతోంది అంటుంది.

2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులు చాలా ఊళ్లలో హైస్కూళ్లకు తరలిపోయాయి. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లను తెచ్చారు. వాటి పక్కన ఇద్దరు టీచర్ల చిన్న బడి ఉన్నప్పుడు తల్లిదండ్రులు పోల్చి చూస్తారు. ఉదయాన్నే ఊళ్లోకొచ్చే ప్రైవేటు స్కూలు వ్యాను ఎలాగూ ఉంది. ఇంటికి దగ్గర అన్న ఒక్క కారణంతో ఈ బడి నిలబడదు. తన కూతురు చదువుతుంటే తాను విన్న తల్లి మాత్రం పక్కింటామెకు చెబుతుంది. ఆ మాటకున్న బలం ప్రవేశాల ర్యాలీకి, ఫ్లెక్సీకి రాదు.

డబ్బు సంగతికొస్తే పెద్ద ఖర్చేమీ లేదు. సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏటా 5,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటుంది. చిక్కంతా కొన్న పుస్తకాలు బీరువా దాటి రాకపోవడంలో ఉంది. పోతే, చిరిగితే స్టాక్ రిజిస్టరులో లెక్క తేలదని హెచ్‌ఎంల భయం, అది అకారణమైనదీ కాదు. బొమ్మల పుస్తకం ఇంటికి వెళ్తేనే కదా రాత్రి నాయనమ్మ వినేది. పిల్లలు చదివి చిరిగిన పుస్తకాలకు డబ్బు వసూలు (రికవరీ) ఉండదని మండల విద్యాధికారులు (ఎంఈఓలు) రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచే జూన్‌లోపే అది వస్తే, తొలి కమిటీ సమావేశంలోనే పుస్తకాలు ఇళ్లకు పంచొచ్చు.