సభ్యురాలు ఆమె, వాళ్ళ నాన్న కాదు

డెల్టాలోని ఒక జిల్లా కేంద్రంలో మొన్న జరిగిన దివ్యాంగుల కమిటీ సమావేశం సంగతి ఈపాటికి అందరూ వినే ఉంటారు. కండరాలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట రాక, అక్షరాల బోర్డు మీద వేలితో చూపించి మాట్లాడే ఒక యువతి అందులో సభ్యురాలు. ఆమె మొదటి వాక్యం సగంలో ఉండగానే అధ్యక్ష స్థానంలో ఉన్న అధికారి "టైమ్ లేదమ్మా, మీ నాన్నగారు చెప్తార్లే" అనేసి తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయారు. అక్కడితో ఆగినా ఒక పద్ధతి. ఇకపై ఆమె బదులు తండ్రి హాజరు కావచ్చని సమావేశపు రికార్డులో, అంటే మినిట్స్‌లో రాసేశారు. మాకు ఒళ్ళు మండింది ఆ ఒక్క వాక్యం చూసే.

విసుగు ఆ పూటకి పోతుంది, కాగితం పోదు. రేపు పక్క జిల్లాలో, ఎల్లుండి ఏదో మండలంలో, "ఫలానా చోట ఇలాగే చేశారు కదండీ" అని ఆ కాగితాన్నే చూపిస్తారు. మన ఆఫీసుల్లో పాత కాగితానికి ఉన్న బలం చట్టానికి కూడా ఉండదని ఒక్కసారి ఫైలు వెంట తిరిగిన వాళ్ళెవరైనా చెబుతారు. ఏటిగట్టులో ఎలక బొరియ కనిపిస్తే "ఇదేం చేస్తుందిలే" అని వదిలేసే రైతు ఈ డెల్టాలో లేడు. ఆ మినిట్స్‌లో పడింది అలాంటి బొరియే.

అధికారుల వాదన కూడా విన్నాం. ఎజెండా పెద్దది, ఒక్కొక్కరికి అరగంట ఇస్తే సాయంత్రం దాకా కూర్చోవాలి అంటున్నారు. అయితే ఆ ఎజెండాని ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో పడేసే బదులు వారం ముందే పంపితే ఏం పోయేది? చెప్పదలుచుకున్నది ఆమె ఇంటి దగ్గరే తీరిగ్గా టైప్ చేసుకుని తెచ్చేవారు, ఫోన్‌లోని గొంతు రెండు నిమిషాల్లో చదివేసేది. టైమ్ లేక కాదు, ముందుగా ఆలోచించక వచ్చిన తంటా ఇది.

ఆ బోర్డు ఎలా ఉంటుందో చూడని వాళ్ళ కోసం చెబుతున్నాం. లామినేషన్ చేసిన అట్ట. అచ్చులు, హల్లులు, కింద గుణింతాల గుర్తులు, ఒత్తులు. పైన ఒక మూల "అవును", "కాదు", ఇంకో మూల "ఆగండి, ఇంకా అవ్వలేదు" అని ఎర్ర అక్షరాల్లో. వేలు ఎక్కువగా పడే చోట లామినేషన్ తెల్లబారిపోయింది. తెలుగులో ఒక్కో అక్షరానికి గుణింతం, ఒత్తు విడివిడిగా చూపించాలి కాబట్టి "ర్యాంపు" అనే చిన్న మాటకే వేలు ఆరుచోట్ల ఆగాలి, అదీ ఒంటి కండరాలు చెప్పిన మాట వినని మనిషికి. ఆ రోజు ఆమె వేలు "ఆగండి, ఇంకా అవ్వలేదు" మీద పడిందని పక్కన కూర్చున్న వాళ్ళు చెబుతున్నారు. చూసిన వాళ్ళున్నారు, చదివిన వాళ్ళున్నారు, ఆగిన వాళ్ళు లేరు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం మర్యాద అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన గోదావరి జిల్లాల్లో జరిగింది ఇది. ఆ తండ్రే "నన్నెందుకండీ అడగడం, అమ్మాయి చెప్తుందండీ, కాస్త ఆగండి" అన్నారట. ఆయనకున్న ఇంగితం కమిటీకి లేకపోయింది.

ఆ మాటలు ఆమెవే అని నమ్మకమేంటి అని కూడా ఎవరో గొణిగారట. వేరే వాళ్ళు చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపించే పద్ధతి ఒకటుంది, దాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడో తోసిపుచ్చారు, ఆ మాటలు చెయ్యి పట్టుకున్న వాళ్ళవేనని పరీక్షల్లో తేలింది. ఇక్కడ ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. వేలు ఆమెది, చూపు ఆమెది. నిజంగా అంత అనుమానమే ఉంటే తండ్రికి తెలియని ప్రశ్న ఒకటి ఆమెని అడిగి చూడాలి గానీ, ఆ మాటలు తండ్రివేమో అన్న అనుమానంతో ఏకంగా తండ్రినే సభ్యుడిని చేస్తారా?

చట్టం సంగతి కమిటీలో కూర్చున్న వాళ్ళకి మేం చెప్పాల్సి రావడమే విడ్డూరం. ఆ కమిటీ పుట్టిందే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 72వ సెక్షన్ కింద. మాటకు తోడుగానో బదులుగానో వాడే బోర్డులు, బొమ్మలు, సైగలు, మాట్లాడే యాప్‌లు, అంటే థెరపిస్టులు ఏఏసీ అని పిలిచేవన్నీ, సంభాషణ కిందకే వస్తాయని అదే చట్టం తన నిర్వచనంలో రాసుకుంది. అవసరమైన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షే అంది. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందమైతే ప్రభుత్వ వ్యవహారాల్లో ఈ పద్ధతులను ఒప్పుకోవాలని 21వ అధికరణంలో నేరుగా చెప్పింది. మాట రాని సాక్షి రాసి చూపించినా, సైగ చేసినా కోర్టులో సాక్ష్యంగా తీసుకుంటారు, బ్రిటిష్ వాళ్ళ నాటి సాక్ష్య చట్టంలోనే ఆ వీలుండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. హత్య కేసులో చెల్లే మాట జిల్లా కమిటీ సమావేశంలో చెల్లదా?

ఇలాంటి వాళ్ళు కమిటీల్లో ఏం చేయగలరు అని పైకి అనకపోయినా లోపల అనుకునే వాళ్ళున్నారు. స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతు పోయాక బతికినంత కాలం యంత్రం గొంతుతోనే పాఠాలు చెప్పారు, ఆయన పేరు అందరికీ తెలుసు. బాబ్ విలియమ్స్ పేరు తెలిసిన వాళ్ళు తక్కువ. సెరిబ్రల్ పాల్సీతో పుట్టి, ఇలాంటి పరికరాలతోనే మాట్లాడే ఆయన్ని 1993లో అమెరికాలో క్లింటన్ ప్రభుత్వం వైకల్య విభాగానికి కమిషనర్‌ని చేసింది. అక్కడిదాకా ఎందుకు, ముంబైలో మాలినీ ఛిబ్ ఒక్క వేలితో టైప్ చేస్తూ లండన్‌లో చదువుకుని వచ్చి హక్కుల ఉద్యమాన్ని నడిపారు. చెన్నైలో అజిత్ నారాయణన్ తయారు చేసిన ఆవాజ్, ఐఐటీ బాంబేలో పుట్టిన జెల్లో అనే మాట్లాడే యాప్‌లు మన దేశపు పిల్లల కోసం వచ్చినవే. పరికరాలున్నాయి, వాడే మనుషులున్నారు. ఆగి వినే వాళ్ళే కరువయ్యారు.

ఆ రోజు చెప్పనివ్వని మాటని ఆమె తర్వాత మాకు రాసి పంపారు. అది వరదల గురించి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు ఎలా ఉన్నాయో కోనసీమలో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆమె అంటున్నది ఇది: కరెంటు పోతే మాట్లాడే యాప్ ఉన్న ట్యాబ్ ఛార్జింగ్ అయిపోతుంది, ట్యాబ్‌తో పాటు మనిషి మాట కూడా పోతుంది, కాబట్టి ప్రతి పునరావాస కేంద్రంలో తడవని బొమ్మల చార్టు ఒకటి ఉండాలి, మందులు, బాత్‌రూమ్, నొప్పి, "మా అమ్మ ఎక్కడ" లాంటివి దాని మీద ఉండాలి. పడవ మీద వచ్చే సిబ్బంది పేరు అడిగి జవాబు రాకపోతే మతి లేదనుకుని పక్కన కూర్చోబెట్టేస్తున్నారు, అవునా కాదా అని అడిగి కళ్ళు చూడమని వాళ్ళకి ఒక గంట నేర్పండి. రేవులో పంటు ఎక్కే చోట చక్రాల కుర్చీ దిగబడకుండా వెడల్పు చెక్క వేయండి. ఎంత ఖర్చవుతుంది ఇది? కమిటీ భోజనాల ఖర్చంత కూడా కాదు. ఆ కమిటీలో మాట వచ్చే వాళ్ళలో ఇంతకుముందు ఒక్కరికీ ఈ చార్టు ఆలోచన రాలేదు, వచ్చే అవకాశమూ లేదు, ఎందుకంటే చీకట్లో నీళ్ళ మధ్య ఛార్జింగ్ లేని ట్యాబ్ పట్టుకుని కూర్చున్నది వాళ్ళు కాదు. వాళ్ళ నాన్న ఎంత ప్రేమగల మనిషైనా ఆయనకీ అది తెలియదు. ఆయనకి పిలిస్తే పలికే గొంతుంది.

మళ్ళీ ఆ కాగితం దగ్గరికే వస్తాం. మహిళా సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చోవడం మన పల్లెల్లో ఎలా అలవాటైంది? ఎక్కడో ఒకచోట "ఆవిడకి తెలియదండీ, ఆయన చూసుకుంటాడు" అన్నారు, పక్కనున్న వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. రాజ్యాంగాన్ని సవరించి ఇచ్చిన కుర్చీని వెనక్కి తెచ్చుకోవడానికి ఇన్నేళ్ళయినా ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు దివ్యాంగుల విషయంలో అదే తంతు, ఈసారి ఏకంగా మినిట్స్‌కి ఎక్కించి మరీ. తమిళనాడు 2025లో చట్టం మార్చి స్థానిక సంస్థల్లో దివ్యాంగులను నామినేట్ చేసే వీలు కల్పించింది. రేపు మన దగ్గర అలాంటిది వస్తే, మాట రాని వాళ్ళ సీట్లలో అన్నలు, బావలు, ఊళ్ళో చోటా నాయకులు వరుసగా కూర్చుంటారు. అడిగితే ఈ మినిట్సే చూపిస్తారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఎంపీటీసీకి, గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయిన కౌన్సిలర్‌కి, సైగలతో మాట్లాడే ఉద్యోగ సంఘం నాయకుడికి కూడా ఇదే కాగితం తగులుకుంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఇప్పుడిప్పుడే బొమ్మ మీద వేలు పెట్టి "నీళ్ళు" అని అడగడం నేర్చుకుంటున్న పిల్లలున్నారు. నేర్చుకుని పెద్దయ్యాక మీ నాన్నని పంపు అనడానికేనా నేర్పిస్తున్నది?

డిసెంబర్ 3న ఇదే అధికారులు వేదికలెక్కి శాలువాలు కప్పుతారు, విభిన్న ప్రతిభావంతులు అంటారు, ఫొటోలు దిగుతారు. పోయినేడాది ఆ వేదిక మీద ఈ యువతి కూడా ఉన్నారు. ఫొటోకి పనికొచ్చిన మనిషి కమిటీలో నోరు విప్పే వేళకి అడ్డమైపోయారు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆ వాక్యాన్ని మినిట్స్ నుంచి కొట్టేసి, కొట్టేసినట్టు సభ్యులందరికీ రాతపూర్వకంగా పంపండి. వచ్చే సమావేశం ఎజెండా వారం ముందే ఆమెకి చేరాలి, మొదటి అంశంగా ఆమె వరద ప్రతిపాదన పెట్టాలి, అది పూర్తయ్యేదాకా కుర్చీల్లోంచి ఎవరూ లేవకూడదు. క్షమాపణ చెప్పే ఉద్దేశం ఉంటే ఆమె ఎదురుగా కూర్చుని ఆమెకే చెప్పండి, పక్కకి తిరిగి వాళ్ళ నాన్నకి కాదు. జవాబుగా ఆమె ఏదో అంటారు. ఆ వేలు ఆగేదాకా కదలకండి.