సిలువ మీద ఆయన ఉండాల్సిందే

కతోలికుల సిలువ మీద యేసు స్వరూపం ఉంటుంది. అందుకే నరసాపురం, పాలకొల్లు వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) కుటుంబాల్లో పుట్టినవాళ్లు చిన్నప్పటి నుంచీ వినే ప్రశ్న ఒకటుంది: "యేసు లేచాడు కదా, మీరింకా సిలువ మీదే ఎందుకు ఉంచారు?" అడిగేది హిందువులు కాదు. వేరే క్రైస్తవ శాఖలైన పక్కవీధి బ్రదరన్ వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, ఒక్కోసారి అటు మారిన సొంత మేనత్త. ప్రశ్నలో కాస్త వెటకారం ఉన్నా, కొట్టిపారేయాల్సిన ప్రశ్న మాత్రం కాదు.

డెల్టాలో ఈ వాదన ఇంత గట్టిగా నడవడానికి కారణం ఉంది. 1836లో ఆంథొని నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌లతో నరసాపురంలో మొదలైన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ సంప్రదాయానిది. వాక్యం, రొట్టె విరవడం తప్ప బొమ్మల జోలికి పోని సంప్రదాయం అది. రాజమండ్రి వైపు లూథరన్లు. యానాంలో ఫ్రెంచి వాళ్ల కాలం నాటి కతోలిక గుడి. ఏలూరు కతోలిక మేత్రాసనం (బిషప్ పరిధి) ఏర్పడింది 1976లో. అన్నట్టు, స్వరూపం ఉన్న సిలువను లూథరన్ల మూలపురుషుడు లూథర్ తీసెయ్యమనలేదు. జర్మనీలో చాలా లూథరన్ చర్చిల్లో ఇప్పటికీ అది బలిపీఠం మీదే ఉంటుంది. కాబట్టి దీన్ని కతోలికులకూ మిగతావాళ్లకూ మధ్య తగాదాగా చూడడం కూడా పూర్తిగా సరికాదు.

మనవాళ్లు సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటే: మేం బొమ్మకు మొక్కట్లేదు, బొమ్మలో ఉన్నాయనకు మొక్కుతున్నాం. 787లో బిషప్పులు కూడిన రెండో నికేయా మహాసభ చెప్పిందీ ఇదే. ప్రతిమకు ఇచ్చే గౌరవం అందులోని వ్యక్తికి చేరుతుంది, ఆరాధన మాత్రం దేవుడొక్కడికే. మంచి శుక్రవారం నాడు వరసలో నిలబడి సిలువ పాదాలు ముద్దుపెట్టుకునే ముసలమ్మకు నికేయా పేరు తెలియదు గానీ, ఆ తేడా తెలుసు. అయితే ఇది అడిగినదానికి జవాబు కాదు. వాళ్లు అడిగింది విగ్రహం గురించి కాదు, పునరుత్థానం గురించి.

దానికి జవాబు యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. లేచిన ప్రభువు శిష్యుడు తోమాకు చూపించింది గాయాలనే. చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో బల్లెం పోటు అలాగే ఉన్నాయి. మరణాన్ని గెలిచిన దేహం మీద మచ్చ లేకుండా చేయడం దేవుడికి చేతకాక కాదు కదా. పౌలు కూడా కొరింతీయులకు రాసిన మొదటి లేఖలోనే, సిలువ వేయబడిన క్రీస్తును ప్రకటిస్తున్నామని ముందు చెప్పి, క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని 15వ అధ్యాయంలో అంటాడు. ఒకటి ఒప్పుకుంటే రెండోది కాదన్నట్టు ఆయన ఎక్కడా రాయలేదు. ఖాళీ సిలువ పునరుత్థానాన్ని చెబుతుందనడంలో తప్పు లేదు. స్వరూపం ఉన్న సిలువ దాన్ని కాదంటుందనడమే తప్పు.

ఇంకో కారణం దివ్యబలిపూజలో, అంటే కతోలికుల ప్రధాన ఆరాధనలో ఉంది. పీఠం మీద గానీ దాని దగ్గర గానీ క్రీస్తు స్వరూపంతో కూడిన సిలువ ఉండాలని రోమా పూజాగ్రంథ నియమావళి చెబుతుంది. ఉత్త సిలువ చాలదు. యేసును సిలువ వేసిన కల్వరి మీద జరిగిన బలి, పీఠం మీద జరిగే బలి ఒక్కటే, అర్పించే తీరు వేరు అని 1562లో ట్రెంట్ మహాసభ చెప్పింది. 'ఒక్కసారే అర్పించాడు' అన్న హెబ్రీయుల లేఖ మాటను బ్రదరన్ మిత్రులు ఇక్కడే ఎత్తిచూపుతారు. కతోలిక బోధన దాన్ని కాదనదు. బలి మళ్లీ జరగదు, జరిగిన ఆ ఒక్క బలే మన ముందుకు వస్తుంది. అందుకే ఆ సిలువ స్వరూపం జ్ఞాపకార్థం గోడకు కట్టిన ఫోటో లాంటిది కాదు. కింద పీఠం మీద ఏం జరుగుతోందో పైన అది చూపిస్తుంది. నా దృష్టిలో అసలు భేదం బొమ్మ దగ్గర లేదు, ఇక్కడ ఉంది. దీని మీద మాట్లాడకుండా మేకుల మీద వాదించుకుంటే పొద్దుపోతుందంతే.

ఇంతవరకూ వేదాంతం. సిలువ గోడ మీదికి వచ్చాక దాని అర్థం చర్చి చేతిలోనే ఉండదు. ఇటలీలో ప్రభుత్వ బడుల తరగతి గదుల్లో సిలువ స్వరూపాలు ఉండడం మీద ఒక తల్లి వేసిన కేసులో, 2011లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం పెద్ద ధర్మాసనం ఇటలీ వైపే తీర్పిచ్చింది. చెప్పిన కారణాల్లో ఒకటి, గోడ మీది సిలువ దానంతటదే ఏమీ చేయని చిహ్నం అన్నది. గెలిచినందుకు సంబరపడ్డ కతోలికులు ఆ మాట మింగడం ఎంత కష్టమో ఆలోచించారో లేదో! చచ్చిపోతున్న మనిషిని గోడకు వేలాడదీసి, అది ఎవరినీ ఏమీ అనదు అని ఒప్పుకున్నట్టే.

మన దగ్గర అది ఊరికే ఉండదు. 2023లో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కులధ్రువీకరణ కేసులో, ఇంట్లో యేసు చిత్రపటం కనిపించిందన్నది అమ్మాయి కులధ్రువీకరణను తిరస్కరించడానికి అధికారులు వాడారు. పటం ఉన్నంత మాత్రాన మతం మారినట్టు కాదని కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వాడడం మాత్రం వాడారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఎస్సీ హోదా దక్కింది, క్రైస్తవ దళితులకు దక్కలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. 2025లో మన హైకోర్టు కూడా క్రైస్తవం పాటిస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ వర్తించదంది. డెల్టా పల్లెల్లో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. వాళ్లింట్లో వీధిగుమ్మం ఎదురుగా సిలువ కట్టాలా, లోపలి గదిలో పెట్టాలా అన్నది అలంకరణ సమస్య కాదు. కూతురి సర్టిఫికెట్ సమస్య, కొడుకు ఉద్యోగం టెన్షన్. రోమా ప్రభుత్వం పేరు చెప్పి పిలాతు వేయించిన శిక్ష అది అని గుర్తుంచుకుంటే, ప్రభుత్వ కాగితంతో ఇబ్బందిపడే ఆ ఇంటికి ఆ స్వరూపం ఎందుకంత దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి చోట ఆ స్వరూపాన్ని వాడుకునే తీరు చూస్తే నాకు కోపం వస్తుంది. షాపుల్లో దొరికేవాటిలో చాలా మటుకు తెల్లటి ఒళ్లు, నీటుగా దువ్విన జుట్టు, ఎరుపు రంగు రెండు చుక్కలు, చుట్టూ ఎల్ఈడీ బల్బులు. అది పోనీ. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి చెప్పుకుని ఏడ్చే ఆడమనిషితో "అది నీ సిలువమ్మా, మొయ్యి" అనడం అంతకంటే ఘోరం. మేకులు కొట్టినవాళ్లు చేసింది నేరం. దాన్ని సహించడమే భక్తి అని చెప్పడానికి సిలువ మీద ఆధారం లేదు. పైగా యేసు సిలువ మోసుకెళ్లిన దారిని ఘట్టాలుగా తలుచుకునే ప్రార్థన, సిలువ మార్గంలో, ఎనిమిదో స్థలం దగ్గర, దారిలో ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి యేసు ఆగి మాట్లాడతాడు. ఆయన వాళ్ల భుజాల మీద ఏ బరువూ పెట్టలేదు.

చర్చి తనలోకి తాను చూసుకోవాల్సింది ఇంకా ఉంది. కతోలిక సంఘంలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత బిషప్పుల సమాఖ్యే 2016 నాటి తన విధాన పత్రంలో ఒప్పుకుంది. మన తెలుగువాడైన పూల ఆంథోనీ గారు మొదటి దళిత కార్డినల్ అయ్యేసరికి 2022 వచ్చింది. ఆదివారం ఒకే సిలువ కింద పక్కపక్కన మోకరిల్లినవాళ్లే, సంబంధం మాటొచ్చేసరికి ముందు కులం అడుగుతారు. వచ్చే తపస్కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో) విచారణ గురువులు, అంటే ఊరి చర్చి ఫాదర్లు, శుక్రవారం ప్రసంగాలకు అంశం వెతుక్కుంటుంటే, నేనైతే ఇది తీసుకోమంటాను.