తోకలేని పిట్టకు రాష్ట్ర హోదా

ప్రత్యేక హోదా కోసం మన ఆంధ్రప్రదేశ్ 2014 నుంచి చేయని విన్నపం లేదు. ఇక్కడ, నేను పద్దెనిమిదేళ్లుగా అద్దెకుంటున్న బెంగళూరులో, ఒక సీతాకోకచిలుక ధర్నా చేయకుండా, ఢిల్లీ రైలెక్కకుండా కర్ణాటక ‘రాష్ట్ర సీతాకోకచిలుక’ హోదా కొట్టేసింది. పేరు సదరన్ బర్డ్‌వింగ్. సొంతూరు పడమటి కనుమల తడి అడవులు. అంతకు మించి పలుకుబడి ఏమీ లేదు. రెక్కల మీద పసుపు, మెడ దగ్గర ఎరుపు ఉన్నాయి, కర్ణాటక జెండా రంగులు. ఇన్నేళ్లుగా ఆటోడ్రైవరుతో కన్నడంలో బేరమాడలేకపోతున్న నాకు ఆ సంగతి మరీ గుచ్చుకుంది. అభ్యంతరాలు నమోదు చేయక తప్పదు.

ముందు వంశం సంగతి. ఇది స్వాలోటెయిల్ కుటుంబం. వెనుక రెక్కలకు వానకోవిలకున్నట్టు తోకలుండటం ఆ ఇంటి ఆనవాయితీ. దీనికి తోకే లేదు. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోయిందని చిన్నప్పుడు పొడుపుకథ విప్పేవాళ్లం, జవాబు ఉత్తరం. ఇప్పుడు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు కనుక ఆ ఖాళీలో దీన్ని నియమించారేమో.

ఇక కొలత. 1932లో సీతాకోకచిలుకల నిపుణుడు బ్రిగేడియర్ ఎవాన్స్ నమోదు చేసిన సదరన్ బర్డ్‌వింగ్ రెక్కల వెడల్పు 190 మిల్లీమీటర్లు. ఆ ఒక్క కొలతతో దేశంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక అన్న బిరుదును ఈ జాతి 88 ఏళ్లు అనుభవించింది. 2020లో ఉత్తరాఖండ్‌లోని దీదీహాట్‌లో గోల్డెన్ బర్డ్‌వింగ్ అనే దీని చుట్టపు జాతి ఆడది ఒకటి 194 తేలింది. పోయింది నాలుగు మిల్లీమీటర్ల పరువు! దాన్ని నిలబెట్టే ఉపాయం బెంగళూరు బిల్డర్ల దగ్గరుంది. 1,100 అడుగుల ఇంటిని 1,500 అని అమ్మగలిగినవాళ్లకు ఇది ఒక లెక్కా? సూపర్ బిల్టప్ ఏరియా పద్ధతిలో కొలవండి. రెక్కలతోపాటు అది వాలిన కొమ్మ, తేనె తాగిన పువ్వు, పైన ఆకాశంలో దామాషా వాటా కలపండి.

అందం మాట మాత్రం దాచలేను. కొడగులో వాన వెలిసిన ఒక ఉదయం ఎదురుగా చూశాను. ముందు రెక్కలు మసి నలుపు, వెనుకవి పండగ పూట పసుపు రాసిన గడప. లాంటానా పూలమీద తేనె తాగుతున్నంతసేపూ ముందు రెక్కలు వణుకుతూనే ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఇడ్లీ మింగే మా ఐటీ జనం గుర్తొచ్చారు.

దీని పిల్లల తిండి మరో తలనొప్పి. గొంగళిపురుగు ఈశ్వరి తీగ కుటుంబపు ఆకులు తప్ప మరొకటి ముట్టదు. పెళ్లి విస్తట్లో ఉల్లిపాయ తగిలిందా అని వెతికే మా మేనత్త నయం. పైగా ఆ ఆకుల్లో ఉన్నది మన మూత్రపిండాలను పాడుచేసే అరిస్టొలోకిక్ ఆమ్లం. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ ఆ జోలికి రాదు. ఆ కొడగు తోటలోనే పురుగునూ చూశాను. ముదురు మెరూన్ ఒళ్లు, మెత్తటి ముళ్లు, నడుం మీద ఏటవాలుగా తెల్లటి పట్టీ. పుల్లతో కదిపితే తల వెనుక నుంచి చీలిన కొమ్ము ఒకటి బయటికొచ్చింది, వెంటే కంపు. ప్యూపా అయ్యాక నడుముకు పట్టుదారం చుట్టుకుని కొమ్మకు వేలాడుతుంది. మా ఐటీవాళ్లు ఆ దారాన్ని మెడలో వేసుకుంటారు, చివర ఫొటో ఉంటుంది.

మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంటు సంఘం రాష్ట్ర సీతాకోకచిలుకను గౌరవించాలని తీర్మానించింది. ప్రహరీ గోడ మీద పెద్ద బొమ్మ వేయించాలట. ఆ గోడకు నెల్లూరు టీచరమ్మ ఒకావిడ ఈశ్వరి తీగ పాకించారు. సున్నానికి అడ్డమని సంఘంవాళ్లు దాన్ని వేళ్లతో సహా పీకించారు. "పిచ్చితీగ తొలగింపు, కూలి 300" అని లెక్కల్లో రాశారు.

పెయింటరు హిందూపురం కుర్రాడు. బొమ్మ ముచ్చటగా వేశాడు, రెండు పొడుగాటి తోకలతో సహా.

"దీనికి తోకలుండవు బాబూ" అన్నాను.

"తోకల్లేకపోతే సీతాకోకచిలుక అని ఎవరు నమ్ముతారు సార్?"

టేపు అడిగి కొలిచాను. ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు ఆరడుగుల రెండంగుళాలు. దీదీహాట్‌కు కబురు పంపాలి.