థీసిస్ సరే, డేటా ఏదీ?

పీహెచ్‌డీ పట్టా చేతికి రావాలంటే థీసిస్ సాఫ్ట్ కాపీ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కేంద్రానికి చేరాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పెట్టిన నిబంధన అది. అక్కడి ‘శోధ్‌గంగ’ ఆన్‌లైన్ భండారంలో లక్షల థీసిస్‌లు పోగయ్యాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మంచి ఏర్పాటే, కాదనం. కానీ ఆ థీసిస్‌లోని పట్టికలకు మూలమైన అంకెలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే చాలా సందర్భాల్లో జవాబు దొరకదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి నింపించిన ప్రశ్నావళులు, ల్యాబ్‌లో రాసుకున్న రీడింగులు, ఫోనులో రికార్డు చేసిన ఇంటర్వ్యూలు స్కాలర్ సొంత ల్యాప్‌టాప్‌లోనో, ఏదో పెన్‌డ్రైవ్‌లోనో, గైడ్‌గారి గదిలో బీరువా మీదో ఉండిపోతాయి. ఉద్యోగం వచ్చాక స్కాలర్ ల్యాప్‌టాప్ మారుస్తాడు. రిటైరయ్యాక గైడ్ గది ఖాళీ చేస్తారు. ఫెలోషిప్పుల రూపంలో జనం సొమ్ము ఖర్చుపెట్టి సేకరించిన సమాచారం అంతటితో సరి.

పరిశోధనలో చేరేటప్పుడే డేటా ప్రణాళిక రాయించాలని మేం అనేది ఇందుకే. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఏం సేకరిస్తావు, ఎక్కడ దాస్తావు, ఫైళ్లకు పేర్లెలా పెడతావు, ఎవరెవరు చూడొచ్చు, పట్టా వచ్చాక అది ఎవరి దగ్గర ఉంటుంది... ఈ ప్రశ్నలకు రెండు పేజీల్లో జవాబు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 జనవరి నుంచి నిధులు కోరే ప్రతి దరఖాస్తుతో పాటు ఇలాంటి రెండు పేజీల ప్రణాళిక అడుగుతోంది. అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా 2023 జనవరి నుంచి తన నిధులతో జరిగే పరిశోధనలకు దీన్ని తప్పనిసరి చేసింది. మన దగ్గర యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో కోర్సు వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలన్నారు, పరిశోధన నైతికతపై పాఠం ఉండాలన్నారు, సెమిస్టర్‌కోసారి సలహా కమిటీ ముందు హాజరు కావాలన్నారు. డేటా ప్రణాళిక మాత్రం తప్పనిసరి కాలేదు.

మన స్కాలర్లకు థీసిస్ చివర్లో పట్టుకునే టెన్షన్ వేరే ఉంది. సిమిలారిటీ, అంటే ఇతరుల రాతలతో పోలిక, ఎంత శాతం వస్తుందన్నదే అది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా ఫర్వాలేదు. 40 దాటితే ఏడాది పాటు థీసిస్ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కాపీ కొట్టడాన్ని ఆపాల్సిందే, సందేహం లేదు. కానీ ఈ పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకునేది పదాల దొంగతనాన్నే. అంకెలన్నీ హాస్టల్ గదిలో కూర్చుని అల్లినా, వాక్యాలు సొంతవైతే సాఫ్ట్‌వేర్ పచ్చజెండా ఊపేస్తుంది. వైవా అనే మౌఖిక పరీక్షలో పరీక్షకుడు పట్టిక చూస్తాడే తప్ప, ఆ పట్టిక పుట్టిన ఫైలు తెరిచి చూపించమని అడిగే ఆనవాయితీ మనకు లేదు.

ఫైలు తెరిచి చూస్తే ఏమవుతుందో ఒక విద్యార్థి నిరూపించాడు. దేశాల అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ఒక వ్యాసం రాశారు. యూరప్‌లో ప్రభుత్వ ఖర్చుల కోతకు నాయకులు దాన్ని ఆధారంగా చూపారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ లెక్కను మళ్లీ చేయబోతే ఎంతకీ కుదరలేదు. రచయితలనే అడిగాడు. వాళ్లు తమ ఎక్సెల్ షీటు పంపారు, అది వాళ్ల పెద్దమనసు. తీరా చూస్తే సగటు తీసే ఫార్ములాలో అయిదు దేశాల వరుసలు చేరనేలేదు. దీనితో పాటు కొన్ని ఏళ్ల డేటాను వదిలేయడం, దేశాలకు ఇచ్చిన తూకంలో తేడా వంటివి సరిచేస్తే వృద్ధి 2.2 శాతంగా తేలింది. 2013లో ఇది ప్రపంచమంతా చర్చ అయింది. ఆ షీటు ఎవరో చెరిపేసి ఉంటే ఆ చర్చకు తావే ఉండేది కాదు.

అడిగితే డేటా దొరకడం అదృష్టమనే చెప్పాలి. మొక్కలు, జంతువుల కొలతలపై 1991, 2011 మధ్య వచ్చిన 516 వ్యాసాల రచయితలను కొందరు శాస్త్రవేత్తలు సంప్రదించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. వ్యాసం వయసు ఏడాది పెరిగిన కొద్దీ దాని డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గిందట. ఈమెయిళ్లు పనిచేయకపోవడం, ఇప్పటి కంప్యూటర్లు చదవలేని డిస్కుల్లో ఫైళ్లు చిక్కుకుపోవడం అందుకు కారణాల్లో కొన్ని. ఎవరూ కావాలని దాచిపెట్టింది కాదు, పట్టించుకోకపోవడం వల్ల పోయింది.

జాగ్రత్త చేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి విదేశాలకు పోనక్కర్లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు పల్లెల్లో కుటుంబాల వివరాల సేకరణ మొదలుపెట్టింది. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, ఔరేపల్లె, దోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలోని అకోలా, సోలాపూర్ జిల్లాల్లోవి. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు, రైతులే కాదు, భూమిలేని కూలీలు కూడా. పరిశోధకులు ఊళ్లోనే మకాం పెట్టి ఏం పండింది, ఎంత ఖర్చయింది, అప్పెంత, కూలెంత, ఏం తిన్నారు అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. రాసి వదిలేయలేదు. ఇతరులకు అర్థమయ్యేలా విడమరిచి, అడిగినవారికి అందించారు. అందువల్లే రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1994లో ఔరేపల్లె సహా మూడు ఊళ్ల అంకెలు తీసుకుని, పంట పోయిన ఏడాది పేద కుటుంబం తిండికి ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న మీద ఆర్థికశాస్త్రంలో పేరుమోసిన వ్యాసం రాయగలిగారు. పాలమూరు పల్లె కూలీ తిండిగింజల లెక్క ప్రపంచమంతా చదివే పాఠమైంది. సేకరించినవారికి అప్పట్లో ఆ ప్రశ్న తట్టి ఉండకపోవచ్చు. డేటాను భద్రపరచడంలో ఉన్న లాభమే అది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ప్రశ్నతో తడతారో ముందుగా తెలియదు.

అదే ఔరేపల్లె ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. స్కాలర్ తన షీటులో ‘మహబూబ్‌నగర్’ అని మాత్రమే రాసి ఏ ఏడాది జిల్లానో రాయకపోతే, పదేళ్ల తర్వాత ఆ అంకెను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. ఫైలు పక్కన అరపేజీ వివరణ ఉంటే చాలు. ఏ కాలమ్ దేనికి, కొలత ఎకరాల్లోనా హెక్టార్లలోనా, 99 అంటే ‘జవాబు లేదు’ అనా లేక నిజంగా తొంభై తొమ్మిదా? ఇవి రాసిపెట్టనందుకు రాసినవాళ్లే రెండేళ్లకు తల పట్టుకుంటారు.

తెలుగులో పరిశోధన చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. అను ఫాంట్లలో టైపు చేసిన జానపద గేయాలు, మాండలిక పదాల పట్టికలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. వెతుకుదామన్నా ఒక్క మాట దొరకదు. మొదటి రోజు నుంచే, ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లో టైపు చేయడం ప్రణాళికలో రాసుకోవాల్సిన మొట్టమొదటి వాక్యం. క్యాసెట్లలో ఉన్న పాత గొంతుల సంగతి మరీ దారుణం. పాడినవాళ్లు లేరు, టేపులు బూజు పట్టాయి, వాటిని వినిపించే యంత్రాలు పాత సామాన్లవాడి దగ్గరికి పోయాయి. ఎక్సెల్ చేసే అల్లరి వేరు. భూముల మీద పనిచేసే విద్యార్థి సర్వే నంబరు 5/2 అని కొడితే అది కాస్తా తేదీగా మారి కూర్చుంటుంది. నవ్వులాట కాదిది. మార్చ్1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లను కూడా ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో, శాస్త్రవేత్తలు సాఫ్ట్‌వేర్‌తో పోరాడలేక 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

భద్రత సంగతికొస్తే, పెద్ద సంస్థలకూ పూచీ లేదు. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్ తప్పుగా నడిచి సుమారు 77 టెరాబైట్ల డేటా చెరిగిపోయింది. 14 పరిశోధక బృందాల ఫైళ్లవి. విద్యాసంస్థలకు గూగుల్ ఇచ్చిన అపరిమిత నిల్వ కూడా 2022లో ముగిసింది. యూనివర్సిటీ మెయిల్ ఖాతా శాశ్వతమనుకుని అందులోనే అన్నీ పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో అన్నది చాలాకాలంగా నిపుణులు చెప్పే మాట. ల్యాప్‌టాప్, దాని పక్కనే అదే బ్యాగులో హార్డ్ డిస్క్ పెట్టుకుని రైలెక్కితే అది రెండు కాపీల లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా బరువైన విషయం జవాబులిచ్చిన మనుషులది. కౌలురైతు ఆత్మహత్య జరిగిన ఇంట్లో కూర్చుని అప్పుల లెక్క అడుగుతాం. హెచ్‌ఐవీ బాధితురాలిని ఆమె కథ చెప్పమంటాం. ‘మీ పేరు బయటికి రాదమ్మా’ అని మాటిస్తాం. తర్వాత ఆ పేర్లు, కులం, ఫోన్ నంబర్లతో ఉన్న షీటు వాట్సాప్‌లో గైడ్‌కు, టైపిస్టుకు, గణాంకాలు చేసిపెట్టే సెంటర్‌వాడికి వెళ్తుంది. ఇచ్చిన మాట ఏమైనట్టు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ అది షరతులతో కూడినది. ఆ డేటాతో సదరు వ్యక్తిపై ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. పేర్ల జాబితాను ఒక చోట, జవాబులను కోడ్ నంబర్లతో మరో చోట ఉంచడం కష్టమైన పనేం కాదు. మొదట్లోనే అనుకుంటే ఒక పూట పని. మూడు వందల ఇంటర్వ్యూలయ్యాక అనుకుంటే ఎప్పటికీ కాదు.

ఇక ఎవరూ పైకి మాట్లాడని గొడవ ఒకటుంది. డేటా ఎవరిది? ‘నా ప్రాజెక్టు, నా డేటా’ అంటారు గైడ్. ‘ఎండలో తిరిగింది నేను’ అంటాడు స్కాలర్. పట్టా వచ్చే దాకా స్కాలర్ నోరు మెదపడు. వచ్చాక ఇద్దరికీ మాటలుండవు. తన అంకెలతోనే గైడ్ మరో విద్యార్థి పేరిట వ్యాసం వేశారని బాధపడేవారూ ఉన్నారు, డిస్కుతో సహా స్కాలర్ మాయమయ్యాడని వాపోయే ప్రొఫెసర్లూ ఉన్నారు. మొదటి సెమిస్టర్‌లో ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఉంటే ఈ తగాదాల్లో సగం పుట్టవు. అధికారం ఒకవైపే ఉన్న బంధంలో రాతపూర్వక ఒప్పందం బలహీనుడికే ఎక్కువ అండ. డేటా ప్రణాళికను మేం గట్టిగా సమర్థించడానికి ప్రధాన కారణం నిజానికి ఇదే.

అయితే ఈ భారాన్ని విద్యార్థి నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఉన్నవారికి నెలకు రూ.37,000 వస్తుంది. అది లేకుండా, ట్యూషన్లు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్లు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామంది. వాళ్లను మూడు హార్డ్ డిస్కులు కొనుక్కోమనడం అన్యాయం. సర్వర్‌లో చోటు ఇవ్వాల్సింది యూనివర్సిటీ. దాన్ని చూసుకునే మనిషిని పెట్టాల్సిందీ యూనివర్సిటీయే. కొత్త పోస్టు అవసరం లేకపోవచ్చు. పుస్తకాలు అడిగేవాళ్లు తగ్గారని దిగులుపడుతున్న లైబ్రరీ సిబ్బందికి శిక్షణ ఇస్తే ఈ పని వాళ్లకంటే బాగా చేసేవారుండరు. బయటి ఆసరా కూడా ఉంది. సామాజిక శాస్త్రాలవారికి ఐసీఎస్‌ఎస్‌ఆర్ డేటా సర్వీస్, జీవశాస్త్రంవారికి ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్, ఏ శాస్త్రమైనా సరే అనుకుంటే యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ఉచితంగా నడిపే జెనోడో వెబ్‌సైట్. అక్కడ పెట్టిన డేటాకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు వస్తుంది, వేరేవాళ్లు వాడుకుంటే విద్యార్థి పేరు ఉదహరించక తప్పదు. ‘బయట పెడితే ఎవరో ఎత్తుకుపోతారు’ అన్న భయం సహజం. వ్యాసాలు వచ్చే దాకా తాళం వేసుకునే వీలు కూడా ఆ వేదికల్లో ఉంది.

ఇదంతా చివరికి ఇంకో ఫారంగా మిగులుతుందన్న అనుమానం చాలామంది ఆచార్యులది. కొట్టిపారేయలేం. సీనియర్ రాసిన ప్రణాళికలో పేరు మార్చి జూనియర్ ఇచ్చేయడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే ప్రణాళికకు మార్కులు వేయడం కాదు, దాన్ని పరీక్షించడం ముఖ్యం. సెమిస్టర్‌కోసారి సలహా కమిటీ ముందుకు స్కాలర్ ఎలాగూ వస్తున్నాడు. పవర్‌పాయింట్ చూపించాక, ఒక ఫైలు కమిటీ ఎంచుకుని తెరవమనాలి. అది తెరుచుకుందా, కాలమ్‌ల అర్థం పక్కన ఉందా, బ్యాకప్ నుంచి అదే ఫైలు తేగలడా? పది నిమిషాల పని. గైడ్లకు కూడా ఇది నేర్పాల్సిందే. తమ సొంత డేటా ఎక్కడుందో చెప్పలేనివారు విద్యార్థిని నిలదీయలేరు.

దీనికోసం యూజీసీ సర్క్యులర్ వచ్చే దాకా ఎదురుచూడాల్సిన పని లేదు. పీహెచ్‌డీ ఆర్డినెన్సులు రాసుకునేది విశ్వవిద్యాలయాలే. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు కలిసి తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండు పేజీల నమూనా ఒకటి తయారుచేసి, వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాల నోటిఫికేషన్‌తో పాటే విడుదల చేయాలి. సినాప్సిస్‌తో (పరిశోధన సారాంశంతో) పాటు ఆ ప్రణాళిక లేకపోతే రిజిస్ట్రేషన్ ఖరారు చేయకూడదు. సర్వర్‌లో చోటు చూపించలేని యూనివర్సిటీకి ఆ ఏడాది కొత్త స్కాలర్లను చేర్చుకునే అనుమతి కూడా ఇవ్వకూడదు.